బుధవారం ఇంగ్లీషు

7 నవంబర్ 1984, బుధవారం

ఇవాళ దొరికిన మాట: సలుపు.

అమ్మ డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు గుమ్మంలోనే వదిలి, "పిక్కలు ఒకటే సలుపు" అంటూ చాప మీద కూలబడింది. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే. కాగితం మీద రాసి చూస్తే ఇప్పుడే పుట్టినట్టుంది. పంటిది పోటు. పిక్కలది సలుపు. నడుముది పీకుడు. జ్వరానికి ముందు ఒళ్ళంతా తీపులు. ఇరవై ఏళ్ళుగా నర్సు కాబట్టి అమ్మకు ఇవన్నీ వేరువేరుగా తెలుసు. చార్టులో మాత్రం అన్నిటికీ 'పెయిన్' అనే రాస్తుందట.

ఇక్కడి బడిలో హిందీ, మలయాళం, అరబ్బీ ఉన్నాయి. తెలుగు లేదు. మార్చి దాకా బాపట్ల హాస్టల్లో ఉన్నప్పుడు చుట్టూ తెలుగే కాబట్టి నాకు కనబడలేదు. రాస్ అల్ ఖైమా వచ్చాక కనబడుతోంది. రోజూ ఒక మాట రాయాలి. ఇంగ్లీషుదైనా సరే, తెలుగుదైనా సరే.

ప్రార్థన అయ్యాక పక్కింటికి టీవీకి వెళ్ళాను. సైదున్నీసా ఆంటీది నెల్లూరు. అమ్మ పనిచేసే ఆసుపత్రిలోనే లాండ్రీలో ఉంటుంది. బుధవారాలు మా గదిలో ప్రార్థన ముగిసేసరికి ఏడున్నర. అప్పటికి దుబాయ్ ఇంగ్లీషు ఛానెల్లో లండన్ కార్యక్రమం ఒకటి మొదలై పది నిమిషాలు అయిపోతుంది. ఆ మొదలు నేనెప్పుడూ చూడలేదు. చూసినంతలో అన్నీ ఉంటాయి: వార్తలు, వంట, తోటపని, పాదిరి చెప్పే మంచిమాట. ఒక్కొక్కటి మూడు నాలుగు నిమిషాలే. వెనక జనం నవ్వుతూ ఉంటారు. వార్తలు వింటూ నవ్వగలిగారంటే ఆ దేశం ఎంత సుఖంగా ఉందో.

9 నవంబర్, శుక్రవారం

నాన్న వచ్చాడు. క్వారీ క్యాంపు నుంచి గురువారం సాయంత్రం వచ్చి శుక్రవారం అన్నం తిని వెళ్ళిపోతాడు. తిన్నంతసేపూ మాట్లాడుకున్నది ఒకటే. ఆసుపత్రికి ఇంగ్లండ్ నుంచి కొత్త మేట్రన్ వచ్చింది. స్టాఫ్ నర్సులు అందరికీ డిసెంబరు ఎనిమిదిన ఇంగ్లీషులో ఇంటర్వ్యూ. నెగ్గినవాళ్ళకే కాంట్రాక్టు. నెగ్గనివాళ్ళు ఆయాల గ్రేడుకి దిగుతారు. ఆయాలకు ఫ్యామిలీ క్వార్టర్ ఉండదు, ఆరుగురికి ఒక గది.

"నాకు క్యాంపులో మంచముంది. నీకు ఆయాల గదిలో మంచముంటది. మరి దీనికి?" అన్నాడు నాన్న, నా వైపు చూడకుండా.

"పబ్లిక్ పరీక్ష మార్చిలో గదా. అప్పటిదాకా ఎట్టాగో ఉంచుకుందాం" అంది అమ్మ.

"ఎక్కడుంచుతావ్ దయా? బట్టల పెట్టెలోనా?"

అమ్మ నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. నేను కంచాలు తీశాను.

అమ్మకు మందుల ఇంగ్లీషు వచ్చు, చార్టు ఇంగ్లీషు వచ్చు. ఇక్కడ డాక్టర్లతో హిందీ, రోగులతో అరబ్బీ ముక్కలు, తోటి నర్సులతో మలయాళం. కుర్చీలో కూర్చుని ఇంగ్లీషులో జవాబు చెప్పాల్సిన పని ఆరేళ్ళలో ఒక్కసారి కూడా పడలేదట.

నేను నేర్పుతాను. ఇంకా నెల రోజులుంది.

14 నవంబర్, బుధవారం

దొరికింది. తొందరలో అక్షరాలు వంకరగా వస్తున్నాయి.

ఇవాళ ఆ లండన్ కార్యక్రమంలో తోటపని తర్వాత ఒక పాఠం వచ్చింది. నల్ల గౌను వేసుకున్న మాస్టారు, చేతిలో బెత్తం, వెనక బోర్డు. బోర్డు మీద రాసింది చదివాను: బయటి దేశాల నుంచి వచ్చిన నర్సులకు ఇంగ్లీషు, నాలుగో పాఠం. సరిగ్గా అమ్మకే. ఎవరో మా ఇంట్లో మాట విని పంపినట్టుంది.

మంచం మీద రోగి మూలుగుతున్నాడు. నర్సు వచ్చింది. మన నర్సే, చామనఛాయ మొహం, తెల్ల టోపీ. మాస్టారు "ఇప్పుడు ఏమనాలి?" అని అడిగాడు. ఆమె రోగి చేతిని రెండుసార్లు తట్టి, "దేర్, దేర్" అంది. అని, చెయ్యి బారుగా చాపి తలుపు వైపు చూపించింది. రోగి తలుపు వైపు చూశాడు. జనం చాలాసేపు నవ్వారు. మాస్టారు "వెరీ గుడ్" అన్నాడు.

ఇంటికొచ్చి డిక్షనరీ తీశాను. దేర్ అంటే అక్కడ. దాని కిందనే చిన్న అక్షరాల్లో ఉంది: రెండుసార్లు అంటే ఓదార్పు. ఓదార్పు. ఎంత మంచి మాట. ఇంగ్లీషు వాడికి ఓదార్పుకి వేరే మాట దొరక్క 'అక్కడ, అక్కడ' అంటున్నాడు.

తలుపు వైపు ఎందుకు చూపాలో డిక్షనరీలో లేదు. అమ్మను అడిగితే క్షణం ఆలోచించి, "మన అచ్చాయమ్మగారు చేసేదేగా" అంది. నిజమే. అచ్చాయమ్మగారు మా ప్రార్థన పెద్ద, అందరికంటే సీనియర్ నర్సు. ఎవరికైనా బాగోలేకపోతే తల మీద చెయ్యి పెట్టి, తర్వాత ఆ చెయ్యి గుమ్మం వైపు చాపి, "ఈ బాధ ఈ గడప దాటి పోవును గాక" అంటుంది. ఇంగ్లీషు వాళ్ళకీ అదే అలవాటు ఉందన్నమాట. నాకు లోపల ఎక్కడో చల్లగా అయ్యింది. దేశాలు ఇంత దూరం, చెయ్యి చాపడం ఒకటే.

17 నవంబర్, శనివారం

అమ్మ బియ్యం కడుగుతూ ఇరవై సార్లు అంది. 'దేర్'లో 'ద' ఇంకా గట్టిగా వస్తోంది. నాలుక పళ్ళ మధ్య పెట్టమన్నాను. "నా పళ్ళు ఊడాక ఎవరు పెడతారే" అంది.

21 నవంబర్, బుధవారం

ఐదో పాఠం. ఈసారి అమ్మను కూడా తీసుకెళ్ళాను, ప్రార్థన చీర మార్చుకోకుండానే వచ్చింది. నేను పుస్తకం, పెన్సిలు పట్టుకుని టీవీ ముందే కూర్చున్నాను. ఇవాళ్టి పాఠం డాక్టరుతో ఎలా మాట్లాడాలో. నర్సు ప్రతి మాటకీ తల ఊపుతోంది, జనం నవ్వుతున్నారు. బొమ్మ మధ్యలో చెదిరిపోయింది. ఆంటీ మేడ మీదికి వెళ్ళి యాంటెనా తిప్పి వచ్చింది.

వచ్చి నిలబడే చూస్తూ ఉండి, "ఆ నర్సు చెయ్యి చూడు మే లీదియా. మణికట్టు కాడ తెల్లగుండాది" అంది.

చూశాను. గ్లౌజు జారినప్పుడు నిజంగానే తెల్లగా ఉంది.

"బొల్లి అయ్యుంటుంది ఆంటీ."

"మొగం గూడా ఏదో రుద్దినట్టుండాది. మా లాండ్రీలో దిండు గలీబులు తెచ్చిచ్చే ఆడోళ్ళు పౌడరు రుద్దుకుంటే ఇట్టనే ఉంటాది. వీళ్ళు ఎదురు రుద్దుకున్నట్టుండారు."

"టీవీలో అందరికీ రంగు వేస్తారు ఆంటీ."

"అయితే సరేలే మే. చదువుకునేదానివి, నీకు తెల్సుద్ది."

అమ్మ టీవీ వైపే చూస్తోంది.

పాఠాల మీద జనం నవ్వడం గురించి నేను కొంత ఆలోచించాను. మన బడిలో నవ్వితే బెత్తం. వాళ్ళు నవ్వుతూ నేర్చుకుంటారు కాబట్టే వాళ్ళకు అంత బాగా వస్తుంది.

28 నవంబర్, బుధవారం

ఆరో పాఠం రాలేదు. వంట, వార్తలు, ఎవరో చేపలు పట్టడం. నిరాశ. 'నిరాశ' అనే మాట రాస్తుంటే చివర్లో నోరు తెరుచుకునే ఉంటుంది.

3 డిసెంబర్, సోమవారం

అమ్మకు అన్నీ వచ్చేశాయి. 'గుడ్ మార్నింగ్ మేడమ్' తల వంచకుండా చెబుతోంది. సొంత ఊరు, చదివిన ట్రైనింగు, పనిచేసిన వార్డులు వరసగా చెబుతోంది. దేర్, దేర్ అంటూ చెయ్యి చాపడంలో మొదట మోచెయ్యి వంగేది. వంగకూడదని గోడకు ఆనించి నిలబెట్టి చేయించాను. నేను బెత్తం బదులు స్కేలు పట్టుకున్నాను. అమ్మ నన్ను 'టీచరమ్మా' అంది.

8 డిసెంబర్, శనివారం

అమ్మ నవ్వుతూ వచ్చింది. జడలో పెట్టుకున్న పిన్నులు కూడా తియ్యకుండా చెప్పింది. మేట్రన్ ఒక పక్క, ముదీర్ ఒక పక్క కూర్చున్నారట. ముదీర్ అంటే ఆసుపత్రి మేనేజరు. ఆయనా ఇంగ్లండ్ మనిషే, అందరూ అరబ్బీలో ముదీర్ అనే పిలుస్తారు.

"మేడమ్ అడిగిందే, ఒక పేషెంటు నొప్పితో అరుస్తున్నాడు, డాక్టరు రావడానికి టైము పట్టుద్ది, నువ్వేమంటావని. నేను లేచి నిలబడ్డా. బల్ల మీద రెండుసార్లు తట్టా. దేర్, దేర్ అన్నా. చెయ్యి తలుపు వైపు చాపా. మోచెయ్యి వంచలా."

"అప్పుడు?"

"ముదీర్ ఎంత నవ్వాడనుకున్నావ్. కుర్చీ వెనక్కి పోయింది. కళ్ళు తుడుచుకున్నాడు. ఎక్కడ నేర్చుకున్నావ్ సిస్టర్ అంటే, మై డాటర్ టీచింగ్ అన్నా."

టీవీలో జనం నవ్వినట్టే నవ్వాడన్నమాట. నాకు ఎగరాలనిపించింది. అమ్మ నెగ్గినట్టే. తెలుగులో ఇలాంటప్పుడు 'గుండె నిండింది' అంటారు. నిండింది.

12 డిసెంబర్, బుధవారం

టీవీకి వెళ్ళలేదు. కడుపునొప్పి అని చెప్పాను.

బడిలో 'నాకు నచ్చిన టీవీ కార్యక్రమం' అని వ్యాసం రాయమన్నారు. నాలుగు పేజీలు రాశాను. నర్సుల పాఠం గురించి, తలుపు వైపు చెయ్యి చాపే ఆచారం మన దగ్గరా ఉండటం గురించి, అమ్మ ఇంటర్వ్యూ గురించి. అందరివీ తిరిగి ఇచ్చారు, నాది ఇవ్వలేదు. ఇంటర్వెల్లో టీచరు స్టాఫ్ రూముకి రమ్మన్నారు. కోపంగా లేరు. కోపంగా ఉంటే బాగుండేది.

"కూర్చో లీదియా. ఈ కార్యక్రమం మొదటి నుంచి ఎప్పుడైనా చూశావా?"

చూడలేదన్నాను.

"అది నవ్వించడానికి తీసిన కార్యక్రమం అమ్మా. వార్తలు నిజం వార్తలు కావు. వంట నిజం వంట కాదు. టీవీలో వచ్చే మిగతా కార్యక్రమాలను వెక్కిరిస్తూ చేస్తారు. లండన్లో బయటివాళ్ళకు ఇంగ్లీషు నేర్పే నిజం పాఠాలు ఉన్నాయి. ఇది వాటికి పేరడీ."

ఆ మాట కాగితం మీద రాసి ఇచ్చారు. ఆ నర్సు ఇంగ్లీషు నటేనని, మొహానికి రంగు వేసుకుందని కూడా చెప్పారు. రోగి ఓదార్పు అడిగితే, భాష తెలియని నర్సు 'అక్కడ' అంటే నిజంగా ఏదో చోటు అనుకుని తలుపు చూపించింది. అదీ అందులో నవ్వు.

డిక్షనరీ చూశాను. పేరడీ: నవ్వు పుట్టించే అనుకరణ. తెలుగులో ఏమనాలో తెలియలేదు. అనుకరణ, వెక్కిరింత, ఎగతాళి. ఏదీ సరిపోలేదు. కార్యక్రమాన్ని వెక్కిరించారని టీచరు అన్నారు. అయితే రంగు కార్యక్రమానికి కదా వేసుకోవాలి. మొహానికెందుకు.

13 డిసెంబర్, గురువారం

ముదీర్ నవ్వాడు. అంతమాత్రాన ఫెయిలైనట్టు కాదు. నవ్వించినవాళ్ళంటే ఎవరికైనా ఇష్టంగానే ఉంటుంది.

15 డిసెంబర్, శనివారం

అమ్మ ఇవాళ అచ్చాయమ్మగారికి చెప్పింది. నిలబడి, తట్టి, చెయ్యి చాపి, ముదీర్ కుర్చీ వెనక్కి పోవడం కూడా చేసి చూపించింది. అచ్చాయమ్మగారు, "దేవుడు నీ నోట మాట పెట్టాడమ్మా" అన్నారు.

నేను లెక్కల పుస్తకం తెరిచి పెట్టుకున్నాను. ఇప్పటికి ఐదుగురికి చెప్పింది.

16 డిసెంబర్, ఆదివారం

ఆరుగురు.

19 డిసెంబర్, బుధవారం

నోటీసు బోర్డు మీద లిస్టు పెట్టారు. టైపు చేసిన పేర్లు పద్దెనిమిది. అందులో దయాకుమారి లేదు.

అచ్చాయమ్మగారి పేరు ఉంది. ఆవిడ ఇంటర్వ్యూలో 'యెస్ మేడమ్', 'నో మేడమ్' తప్ప ఏమీ అనలేదట.

జనవరి నెలాఖరుకు క్వార్టరు ఖాళీ చెయ్యాలి.

21 డిసెంబర్, శుక్రవారం

నాన్న సామాను చూస్తున్నాడు. ఏది క్యాంపుకి, ఏది ఆయాల గదికి, ఏది బాపట్లకి. బాపట్ల అంటే నేను. హాస్టల్ వార్డెనుకు ఉత్తరం రాస్తానన్నాడు, పదో తరగతి అక్కడ కట్టించుకుంటారేమో కనుక్కుంటానన్నాడు. మూడు నెలలకు ఏ బడీ చేర్చుకోదని ముగ్గురికీ తెలుసు. ఈ ఏడు చదువు పోయినట్టే.

నాన్న బస్సుకి వెళ్ళాక చెప్పేశాను. అమ్మ బట్టలు మడతపెడుతోంది. నేను వ్యాసం ఇచ్చాను, పేరడీ అనే మాట రాసిన కాగితం ఇచ్చాను. చదవకుండా పక్కన పెట్టింది.

"అది పాఠం కాదమ్మా. నర్సుల్ని చూసి నవ్వుకోవడానికి చేసింది. నేను నీకు నేర్పింది అదీ."

"తెలుసు."

"ఎప్పుడు తెలుసు?"

"ముదీర్ నవ్వినప్పుడు. మేడమ్ నవ్వలా, కాయితం కేసి చూసింది. ఇరవై ఏళ్ళ నుంచి మంచాల పక్కన నిలబడ్డదాన్ని లీదియా, మనిషి సంతోషంతో నవ్వుతున్నాడా, మనల్ని చూసి నవ్వుతున్నాడా తెలవదా నాకు?"

"మరి ఆ రోజు అంత సంతోషంగా వచ్చావు."

"నువ్వు గుమ్మంలోనే నిలబడి ఉన్నావుగా."

"అచ్చాయమ్మగారికి చెప్పావు. ఆరుగురికి చెప్పావు."

"నీకొక మాట, వాళ్ళకొక మాట ఎట్టా చెప్తానే? గోడకి చెవులు కాదు, సైదున్నీసా ఉంది."

మడత పెట్టిన దుప్పటి విప్పి మళ్ళీ మడత పెట్టింది. నేను ఏడవకూడదనుకున్నాను.

22 డిసెంబర్, శనివారం

మేట్రన్‌కు ఉత్తరం రాశాను. తప్పు నాదని, మా అమ్మకు పని బాగా వచ్చని, నేను టీవీని నమ్మానని. ఇంగ్లీషులో ఐదుసార్లు తిరగరాశాను. ఐదోది చాలా బాగా వచ్చింది. చదువుకుంటే నాకే గర్వంగా అనిపించింది.

అమ్మ నాలుగు మడతలు పెట్టి నాకే ఇచ్చేసింది.

"నా తరపున ఇంక నువ్వు మాట్లాడొద్దమ్మా."

కోపం లేదు గొంతులో. ఉత్తరాన్ని డిక్షనరీలో పెట్టేశాను.

24 డిసెంబర్, సోమవారం

అమ్మ మేట్రన్ దగ్గరికి వెళ్ళింది. ఎవరితోనూ చెప్పకుండా, డ్యూటీ మధ్యలో. ఏమని అడిగావంటే, "కుర్చీలో కూర్చోబెట్టి అడిగారు మేడమ్, నేను కుర్చీలో పనిచెయ్యను, వార్డులో చూడండి అన్నా" అంది. ఎన్ని తప్పులతో అందో తెలియదు. మేట్రన్ డైరీ తీసి చూసి, శనివారం మధ్యాహ్నం మూడింటికి వస్తానందట.

రేపు క్రిస్మస్. కేకు సైదున్నీసా ఆంటీ చేసింది. మేము చెయ్యలేదు.

29 డిసెంబర్, శనివారం

మగవాళ్ళ సర్జికల్ వార్డు. పన్నెండో మంచం. పడవల మీద పనిచేసే ముసలాయన, కాలికి ఇనప కొక్కెం దిగింది. ఇంగ్లీషు రాదు, హిందీ రాదు. మేట్రన్ మంచం కాళ్ళ దగ్గర నిలబడింది. ఇదంతా అమ్మ చెప్పినట్టే రాస్తున్నాను, ఒక్క మాట కలపడం లేదు.

"ఆయన అరుస్తున్నాడు. నేను మేడమ్ కేసి చూళ్ళేదు. ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నా. 'వేన్' అన్నా. వేన్ అంటే వాళ్ళ భాషలో ఎక్కడ అని. ఆయన కాలు చూపించాడు. కట్టు ఉన్న చోటు కాదు, పైన పిక్క. అక్కడ వేలుతో నొక్కితే గుంట పడి అట్టాగే ఉంది, వేడిగా ఉంది. చీము పైకి ఎక్కుతోంది. కట్టు విప్పాల, డాక్టర్ని పిలవాల అని మేడమ్‌కి చెప్పా."

"ఇంగ్లీషులో చెప్పావా?"

"పస్ పస్ అన్నా, డాక్టర్ కమ్ అన్నా. ఆవిడే పోయి పిలుచుకొచ్చింది."

"ఆ ప్రశ్న అడగలేదా, నొప్పితో ఉంటే ఏమంటావని?"

"అడిగింది. అప్పుడు ఏమంటావు సిస్టర్, ఇప్పుడు చెప్పు అంది. ఐ ఆస్క్ వేర్, మేడమ్ అన్నా." అమ్మ నా వైపు తిరిగింది. "అక్కడ, అక్కడ అని నేనెందుకంటానే? ఎక్కడ అని కదా అడగాల్సింది. ఒక్క అక్షరం."

అ తీసి ఎ పెడితే చాలు. పదహారేళ్ళు ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి, నేను చూడలేదు.

2 జనవరి 1985, బుధవారం

లిస్టు కింద పెన్నుతో ఒక పేరు చేర్చారు. దయాకుమారి, స్టాఫ్ నర్స్. పక్కన బ్రాకెట్లో ఆరు నెలలు అని ఉంది. అంటే ఆరు నెలలు చూసి, మేట్రను, ముదీరు ఇద్దరూ సంతకం పెడితే కాంట్రాక్టు. అప్పటిదాకా క్వార్టరు ఉంటుంది. నా పరీక్ష అయిపోతుంది.

నాన్న క్యాంపు ఆఫీసుకి ఫోను చేయించాము. "ఖలాస్, పెట్టెలు విప్పెయ్యండి" అన్నాడట.

ప్రార్థనలో అచ్చాయమ్మగారు ఇరవై నిమిషాలు స్తుతి చేశారు. కళ్ళు మూసుకుని నేను కూడా చేశాను.

16 జనవరి, బుధవారం

అచ్చాయమ్మగారికి జ్వరం, ప్రార్థన లేదు. సైదున్నీసా ఆంటీ పిలిచింది. మొదటిసారి ఆ కార్యక్రమాన్ని మొదలు నుంచి చూశాను. సూటు వేసుకున్న ఒకాయన చాలా గంభీరంగా వచ్చి, "ఈ రాత్రి మీ ముందుకు తెస్తున్నది" అంటుండగా ఆయన ప్యాంటు జారిపోతుంది. అంతే. అదే మొదలు. పది నిమిషాల ముందు వచ్చి ఉంటే మూడేళ్ళ పిల్లకి కూడా తెలిసేది.

తర్వాత వార్తలు. చదివేవాడికి ఎవరో పక్క నుంచి కాగితాలు అందిస్తూనే ఉంటారు. చివరికి కాగితాల వెనక మొహం కనబడదు, గొంతు మాత్రం ఏమీ జరగనట్టు చదువుతూనే ఉంటుంది. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. నిజంగా బాగా చేస్తారు వాళ్ళు. ఒక పని చేసే మనిషిని ఎంతో శ్రద్ధగా చూస్తే తప్ప అంత బాగా వెక్కిరించలేరు.

ఇంతలో నల్ల గౌను మాస్టారు వచ్చాడు. తొమ్మిదో పాఠం. నేను లేచి వచ్చేశాను.

22 జనవరి, మంగళవారం

సైదున్నీసా ఆంటీ చెప్పదలుచుకోలేదు. నేనే లాగాను.

"ఏముండాది మే, పనీపాటా లేనోళ్ళు. మీ అమ్మని దేర్-దేర్ సిస్టర్ అంటుండారు. ముదీర్ మొదలుపెట్టినాడు, డ్రైవర్లు దాకా వచ్చింది. నా కాడ ఎవడైనా అంటే దుప్పట్లో కట్టి మిషన్లో ఏస్తానని చెప్పినా."

"అమ్మ ఏమంటుంది?"

"ఏమంటాది? పిలిస్తే పలకతాది."

31 జనవరి, గురువారం

బడి సెలవు. అమ్మకు డబుల్ డ్యూటీ పడింది, క్యారియర్ తీసుకుని వార్డుకు వెళ్ళాను. మధ్యాహ్నం పన్నెండు దాటింది. పప్పు, చేపల పులుసు, అన్నం.

వార్డు గుమ్మంలో ముదీర్ ఉన్నాడు. పక్కన కోట్లు వేసుకున్న ఇద్దరు కొత్తవాళ్ళు, ఇంగ్లీషువాళ్ళే, ఏదో కంపెనీ నుంచి ఆసుపత్రి చూడటానికి వచ్చారు. నేను తలుపులోనే ఒక వారకు జరిగాను. ముదీర్ లోపలికి చూసి పిలిచాడు. పేరు పెట్టి కాదు. అమ్మ ట్రే కింద పెట్టి వచ్చింది.

"వీళ్ళకు ఒకసారి చూపించు సిస్టర్" అన్నాడు. మంచి మనిషిలాగే అన్నాడు. గొంతులో చెడు లేదు. తన ఇంట్లో పిల్లను పద్యం చెప్పమన్నట్టు అన్నాడు.

అమ్మ నన్ను చూసింది. క్యారియర్ చూసింది. తర్వాత వాళ్ళ వైపు తిరిగింది.

గాలిలో రెండుసార్లు తట్టింది. "దేర్, దేర్" అంది. చెయ్యి తలుపు వైపు చాపింది. ఆ తలుపులో నేను ఉన్నాను.

ముగ్గురూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది, వాళ్ళ కంటే కొంచెం ముందే ఆపేసింది. ముదీర్ కొత్తవాళ్ళకు ఆ కార్యక్రమం పేరు చెబుతున్నాడు, వాళ్ళు తలలు ఊపుతున్నారు, తెలుసు, తెలుసు అంటున్నారు. అప్పుడు అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "మై డాటర్, సర్. ఇంగ్లీష్ వెరీ గుడ్" అంది.

ముదీర్ నా ఎత్తుకు వంగాడు.

"అయితే ఆ టీచరు నువ్వేనన్నమాట" అన్నాడు ఇంగ్లీషులో.

నా దగ్గర చాలా మాటలు ఉన్నాయి. ఐదోసారి రాసిన ఉత్తరం మొత్తం నాకు కంఠతా వచ్చు. ఆరు నెలలు, రెండు సంతకాలు.

"యెస్ సర్" అన్నాను.

ఆయన నా తల తట్టి, కొత్తవాళ్ళను ఎక్స్‌రే గది వైపు తీసుకెళ్ళాడు. బూట్ల చప్పుడు మలుపు తిరిగేదాకా అమ్మ అలాగే నిలబడింది. తర్వాత నా చేతిలోంచి క్యారియర్ తీసుకుంది. మూత తీసి పులుసు వాసన చూసింది.

"ఈసారి 'ద' సరిగ్గా పలికిందా?" అంది.

నా మొహం చూడలేదు. గిన్నెలోకే చూస్తోంది. వెక్కిరింతగా అందో, నిజంగా అడిగిందో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

"పలికిందమ్మా" అన్నాను.

అది అబద్ధం కాదు. నాలుక సరిగ్గా పళ్ళ మధ్యే ఉంది.